తెర పగిలిన స్మార్ట్‌ఫోన్ నుంచి సమాచార పునరుద్ధరణ

చేతిలోని ఫోను జారి నేలకు తగిలి తెర నల్లబడిన క్షణంలో ఎవరికైనా మొదట కలిగే ఆలోచన "అంతా పోయింది" అన్నదే. ఫొటోలు, ఫోను నంబర్లు, బ్యాంకు సందేశాలు, పిల్లల సర్టిఫికెట్ల ప్రతులు, ఇవన్నీ ఆ గాజు పలకలోనే ఉన్నాయన్న భావన రోజువారీ వాడకం వల్ల మనలో బలంగా నాటుకుపోయింది. శాస్త్రదృష్టితో చూస్తే ఈ భావన నిలవదు. తెర సమాచారాన్ని చూపే సాధనమే తప్ప దాన్ని దాచే చోటు కాదు. ఈ ఒక్క భేదాన్ని స్పష్టంగా గ్రహించిన పాఠకుడు కంగారులో జరిగే పొరపాట్లను తప్పించుకొని, తన సమాచారాన్ని క్రమపద్ధతిలో తిరిగి పొందగలడు. ఆ భేదానికి ఆధారమైన సూత్రాలను, వాటిని ఆచరణలో పెట్టే విధానాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నిర్వచనం

సమాచార పునరుద్ధరణ అనే మాటను మూడు వేర్వేరు అర్థాలలో వాడుతున్నారు. మొదటిది, పొరపాటున తొలగించిన ఫైళ్లను తిరిగి రప్పించడం. దీనిని తొలగింపు పునరుద్ధరణ అనవచ్చు. రెండవది, నిల్వ చేసే చిప్పే దెబ్బతిన్నప్పుడు మిగిలిన భాగాలను చదివి కూర్చుకోవడం. ఇది మాధ్యమ పునరుద్ధరణ. మూడవది, సమాచారం చెక్కుచెదరకుండా ఉన్నా దాన్ని చేరుకునే దారి తెగిపోయినప్పుడు ఆ దారిని మళ్లీ ఏర్పరచడం. దీనిని మార్గ పునరుద్ధరణ అందాం. తెర పగిలిన ఫోను సమస్య దాదాపు ఎప్పుడూ ఈ మూడవ వర్గానికే చెందుతుంది. వైద్యుడు రోగానికి పేరు పెట్టిన తరువాతే మందు రాసినట్లు, ఇక్కడ కూడా సమస్య ఏ వర్గానిదో తేల్చుకున్న తరువాతే ఉపాయం వెతకాలి. మొదటి వర్గానికి పనికివచ్చే సాఫ్ట్‌వేర్‌ను మూడవ వర్గపు సమస్యకు కొనుక్కొని డబ్బు పోగొట్టుకున్నవారు తక్కువేమీ కాదు.

తెర నిర్మాణం

మనం తెర అని ఒకే మాటతో పిలిచే వస్తువులో నిజానికి మూడు పొరలు ఉంటాయి. పైన ఉండేది రక్షక గాజు. అల్యూమినోసిలికేట్ గాజును సుమారు 400 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగిన పొటాషియం నైట్రేట్‌లో ముంచి ఉంచినప్పుడు, గాజు ఉపరితలంలోని చిన్న సోడియం అయాన్లు బయటికి వచ్చి, వాటి చోట్లలో పెద్దవైన పొటాషియం అయాన్లు ఇరుక్కుంటాయి. ఈ అయాన్ వినిమయం వల్ల ఉపరితలమంతా గట్టి ఒత్తిడికి లోనై, చిన్న గీతలు పగుళ్లుగా పెరగకుండా ఆగుతాయి. ఎంత గట్టి గాజుకైనా అంచు బలహీనస్థానమే గనుక, మూల మీద పడిన ఫోను తరచుగా పగులుతుంది.

రెండవది స్పర్శ ఫలకం. కనిపించనంత పలుచని పారదర్శక వాహకపు గీతలు దీనిలో అడ్డంగా, నిలువుగా వలలా అల్లుకొని ఉంటాయి. అడ్డగీత, నిలువుగీత కలిసే ప్రతి చోటా కొంత విద్యుత్ ఆవేశాన్ని నిలుపుకోగల శక్తి, అంటే ధారిత, ఉంటుంది. వేలు దగ్గరకు వచ్చినప్పుడు ఆ ధారితలో పికోఫారడ్‌లో కొంత వంతు మేర మార్పు వస్తుంది. నియంత్రక చిప్ ఆ మార్పు ఏ ఖండనబిందువు వద్ద వచ్చిందో కొలిచి, దానిని రెండు అంకెల నిరూపకంగా మార్చి ప్రాసెసర్‌కు పంపుతుంది. ఈ విధమైన స్పర్శ తెరను 1965లోనే బ్రిటన్‌లోని మాల్వెర్న్ రాడార్ పరిశోధన కేంద్రంలో ఇ. ఎ. జాన్సన్ ప్రతిపాదించారు.

మూడవది ప్రదర్శన ఫలకం. ఇది ఎల్‌సీడీ అయితే వెనుక వెలిగే దీపం ముందు ద్రవస్ఫటికాలు తెరచుకుంటూ మూసుకుంటూ బొమ్మను గీస్తాయి. ఓఎల్ఈడీ అయితే ప్రతి బిందువూ స్వయంగా వెలుగుతుంది. మూడు పొరలనూ పారదర్శకమైన జిగురుతో ఒకటిగా అతికి, సన్నని ఫ్లెక్స్ కేబుల్ ద్వారా మదర్‌బోర్డుకు కలుపుతారు. రిపేరు బల్లల మీద ఈ మొత్తాన్ని "కాంబో" అంటారు. గాజు ఒక్కటే పగిలినా చాలా సందర్భాలలో కాంబో అంతా మార్చవలసి రావడానికి కారణం ఈ జిగురే.

నిల్వ స్థానం

సమాచారం ఉండేది తెరకు వెనుక, మదర్‌బోర్డు మీద, లోహపు కవచం కింద టంకం పెట్టిన నాండ్ ఫ్లాష్ చిప్‌లో. తోషిబా సంస్థలో ఫుజియో మసుఓకా బృందం 1987లో లోకానికి పరిచయం చేసిన ఈ నిల్వ విధానంలో, ప్రతి గడిలోనూ చుట్టూ విద్యుత్ నిరోధకం ఆవరించిన చిన్న చెర ఉంటుంది. అందులో బంధించిన ఎలక్ట్రాన్ల పరిమాణమే అంకెగా పరిగణించబడుతుంది. కరెంటు లేకపోయినా ఆ ఎలక్ట్రాన్లు బయటికి పోలేవు గనుకనే బ్యాటరీ పూర్తిగా దిగిపోయిన ఫోనులో కూడా ఫొటోలు భద్రంగా ఉంటాయి. గాజును పగలగొట్టిన దెబ్బ ఈ గడులలోని ఎలక్ట్రాన్లను కదిలించలేదు. కాబట్టి తెర పగిలినప్పుడు నష్టపోయినవి రెండే: ఫోను మనకు చెప్పే దారి, మనం ఫోనుకు చెప్పే దారి. మొదటిదాన్ని నిర్గమ మార్గమనీ, రెండవదాన్ని ప్రవేశ మార్గమనీ పిలుద్దాం.

తాళం సూత్రం

చిప్ భద్రంగా ఉన్నప్పుడు దానిని ఊడదీసి మరో యంత్రంలో పెట్టి చదివితే సరిపోదా అన్న ప్రశ్న సహజంగానే పుడుతుంది. ఒకప్పుడు ఆ పద్ధతి నడిచింది. నేటి ఫోన్లలో నడవదు. దానికి కారణం గుప్తీకరణ, అనగా సమాచారాన్ని ఒక రహస్య కీ సహాయంతో అర్థం కాని అంకెల వరుసగా మార్చి నిల్వ చేయడం. ఆండ్రాయిడ్‌లో ప్రతి ఫైలునూ విడివిడిగా గుప్తీకరించే విధానం 2016లో ఏడవ వెర్షన్‌తో వచ్చింది. 2019 నాటి పదవ వెర్షన్‌తో విడుదలైన కొత్త ఫోన్లన్నిటికీ అది తప్పనిసరి అయింది. ఐఫోన్లలో 2013 నాటి 5ఎస్ మోడల్ నుంచి సెక్యూర్ ఎన్‌క్లేవ్ అనే ప్రత్యేక భాగం తాళపు లెక్కలను చూస్తున్నది.

ఈ కీ రెండు పదార్థాల కలయికతో తయారవుతుంది. ఒకటి వినియోగదారుడికి తెలిసిన పిన్, ప్యాటర్న్ లేదా పాస్‌వర్డ్. రెండవది ఆ ఫోను ప్రాసెసర్‌లోనే పొదిగి ఉండి ఎన్నటికీ బయటికి రాని రహస్యం. చిప్‌ను ఊడదీస్తే రెండవది దొరకదు. పిన్ మరిచిపోతే మొదటిది దొరకదు. నాలుగంకెల పిన్‌లు 10,000, ఆరంకెలవి 10,00,000, తొమ్మిది చుక్కల ప్యాటర్న్‌లు 3,89,112 మాత్రమే సాధ్యమైనా, తప్పు కొట్టినకొద్దీ ఫోను విధించే నిరీక్షణ సమయం పెరుగుతూ పోతుంది గనుక ఊహించి తెరవడం ఆచరణలో కుదరదు. అందువల్ల తెగిన దారిని ఎంత చక్కగా బాగుచేసినా, ఆ దారి చివర నిలిచే తలుపును తెరిచేది యజమానికి గుర్తున్న పిన్ ఒక్కటే.

ఫోను ఆన్ చేసిన తరువాత మొదటిసారి పిన్ కొట్టేదాకా ఒక స్థితి, కొట్టిన తరువాత మరొక స్థితి ఉంటాయని కూడా గ్రహించాలి. మొదటి స్థితిలో అలారం, కాల్ వంటి కొద్ది పనులకు తప్ప మిగిలిన సమాచారానికి కీ సిద్ధంగా ఉండదు. రీస్టార్ట్ చేసిన ఫోనుకు పిన్ కొట్టకముందే సొంత చెల్లెలు ఫోను చేసినా, తెర మీద పేరు రాకుండా అంకెలే కనిపించడం చాలామంది గమనించే ఉంటారు; పేర్ల జాబితా అప్పటికింకా తాళంలో ఉండటమే దానికి కారణం. రెండవ స్థితిలో కీ జ్ఞాపకంలో సిద్ధంగా ఉంటుంది, వేలిముద్ర కూడా పనిచేస్తుంది. అందుచేత తెర పగిలినా లోపల మేలుకొని ఉన్న ఫోనును ఆపకుండా, బ్యాటరీ దిగిపోకుండా చూసుకోవడం తొలి కర్తవ్యం. అయితే ఫోను తడిసినా, బ్యాటరీ ఉబ్బినా మాత్రం చార్జింగ్ పెట్టరాదు. అక్కడ ప్రాణభద్రతదే మొదటి స్థానం.

నష్ట వర్గీకరణ, పరీక్ష

తెర నష్టాన్ని ఐదు వర్గాలుగా విభజించవచ్చు. గాజు మాత్రమే పగిలి, బొమ్మ, స్పర్శ రెండూ నిలిచి ఉండటం మొదటి వర్గం. బొమ్మ ఉండి స్పర్శ పోవడం రెండవది. స్పర్శ ఉండి బొమ్మ పోవడం మూడవది. రెండూ పోవడం నాలుగవది. తెరతో పాటు మదర్‌బోర్డు కూడా దెబ్బతినడం ఐదవది.

ఏ వర్గమో తేల్చడానికి ఖరీదైన పరికరాలేవీ అక్కరలేదు. మరో ఫోను నుంచి కాల్ చేసినప్పుడు మోగితే, చార్జర్ పెట్టినప్పుడు చప్పుడైతే లేదా కంపిస్తే, మదర్‌బోర్డు బ్రతికే ఉన్నదని అర్థం. ఎల్‌సీడీ తెర చీకటిగా ఉంటే, చీకటి గదిలో టార్చి వెలుగును తెర మీదికి ఏటవాలుగా వేసి దగ్గరగా చూడాలి. గోడ మీద వెలిసిపోయిన రాతలా గడియారం అంకెలు లీలగా కనబడితే, బొమ్మ వస్తూనే ఉన్నదనీ, వెనుక దీపం మాత్రమే ఆరిందనీ తెలుస్తుంది. ఓఎల్ఈడీలో ప్రత్యేక దీపం లేదు గనుక ఈ పరీక్ష దానికి వర్తించదు. పగిలిన గాజు మీద వేలు పెట్టేముందు దాని మీద వెడల్పైన పారదర్శక టేపు అతికించడం మంచిది. రజను వేలిలో దిగదు, స్పర్శా పనిచేస్తుంది.

ఇక్కడే మరొక ప్రమాదాన్ని గుర్తించాలి. దెబ్బతిన్న స్పర్శ ఫలకం ఒక్కోసారి ఎవరూ తాకకుండానే నిరూపకాలను పంపుతూ ఉంటుంది. దీనిని మిథ్యాస్పర్శ అందాం. ఇది దానంతట అదే తప్పు పిన్‌లు కొట్టి, ఫోనును గంటల తరబడి మూతపడేటట్లు చేయగలదు. ఇటువంటి ఫోనును ఆన్ చేసి బల్ల మీద వదిలేయకుండా వెంటనే నిపుణుడి చేత ఆ ఫలకం కనెక్టర్‌ను విప్పించాలి.

పునరుద్ధరణ మార్గాలు

మొదటి వర్గంలో ఆలస్యం చేయకుండా సమాచారాన్ని ప్రతి తీసుకోవడమే మార్గం. ఈ రోజు పనిచేసిన తెర రేపు పనిచేస్తుందన్న హామీ లేదు.

రెండవ వర్గానికి ఓటీజీ పద్ధతి తగినది. యూఎస్‌బీలో ఒక పరికరం యజమానిగా, మరొకటి అనుచరంగా వ్యవహరిస్తాయి. కంప్యూటర్‌కు కలిపినప్పుడు ఫోను అనుచరం. 2001లో రూపొందిన ఓటీజీ నియమం వల్ల అదే ఫోను మౌస్‌కు యజమాని కాగలదు. పాత మైక్రో యూఎస్‌బీలో నాలుగవ పిన్నును గ్రౌండ్‌కు కలపడం ద్వారా, టైప్-సీలో 5.1 కిలోఓమ్‌ల నిరోధం ద్వారా అడాప్టర్ ఈ పాత్రమార్పిడిని ఫోనుకు తెలుపుతుంది. ఆ అడాప్టర్‌కు మామూలు మౌస్‌ను తగిలిస్తే తెర మీద బాణం గుర్తు ప్రత్యక్షమవుతుంది. దానితో పిన్ అంకెల మీద నొక్కవచ్చు. ఎడమ మీట పట్టుకొని లాగి ప్యాటర్న్ గీయవచ్చు. వేలు పంపినా మౌస్ పంపినా ఆపరేటింగ్ సిస్టమ్‌కు అందేది నిరూపకమే కావడం దీని వెనుక సూత్రం. కొన్ని ఫోన్లలో ఓటీజీని సెట్టింగులలో ముందే ఆన్ చేసి ఉండాలన్న పరిమితి మాత్రం ఉంది.

మూడవ, నాలుగవ వర్గాలలో నిర్గమ మార్గం కూడా కావాలి. 2014లో వచ్చిన డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ ప్రకారం టైప్-సీ రంధ్రం గుండానే వీడియో సంకేతం పంపవచ్చు. ఈ సదుపాయమున్న ఫోనుకు హెచ్‌డీఎంఐ గల హబ్‌ను కలిపి, ఇంట్లోని టీవీ, ఒక మౌస్, ఒక కీబోర్డు తగిలిస్తే రెండు దారులూ ఒకేసారి తెరచుకుంటాయి. తక్కువ ధర ఫోన్లు చాలావాటిలో ఈ సదుపాయం ఉండదు గనుక, కొనేముందే వివరాలు చూసుకోవడం ముందుచూపు అవుతుంది. కీబోర్డు ఒక్కటే ఉన్నా చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో స్పేస్ నొక్కి, పిన్ కొట్టి, ఎంటర్ నొక్కితే చీకటిలోనే తాళం తెరచుకుంటుంది. కానీ ఆ తరువాత కంప్యూటర్‌కు కలిపితే ఫైళ్లు వెంటనే కనిపించవు. 2015 నాటి ఆరవ వెర్షన్ నుంచి ఫోను చార్జింగ్‌ను మాత్రమే అనుమతించి, ఫైళ్ల బదిలీకి తెర మీద అనుమతి అడుగుతుంది. యూఎస్‌బీ డీబగ్గింగ్‌ను పూర్వమే ఆన్ చేసి, ఆ కంప్యూటర్‌ను ఒకసారి అంగీకరించి ఉన్నవారు scrcpy వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఫోను తెరను కంప్యూటర్ మీదికి రప్పించుకోవచ్చు. ఐఫోన్లు 2018 నుంచి తాళం పడిన గంట తరువాత కొత్త యూఎస్‌బీ పరికరాలను అంగీకరించవు కాబట్టి, వాటి విషయంలో తెర మార్పిడి లేదా ఐక్లౌడ్ ప్రతి మాత్రమే నమ్మదగిన మార్గాలు.

ఈ పద్ధతులేవీ కుదరనప్పుడు తాత్కాలిక కాంబో ఉన్నది. నిపుణుడు అంచులను వేడిచేసి జిగురును మెత్తబరచి, ఫోనును విప్పి, పాత తెర కనెక్టర్‌ను తీసి, పరీక్ష కోసం ఉంచుకున్న మరో తెరను అతికించకుండా కలుపుతాడు. కనెక్టర్ తన గూటిలో కుదురుకున్న చిన్న చప్పుడు తరువాత తెర వెలిగి, పిన్ అడుగుతుంది. యజమాని అక్కడే పిన్ కొట్టి సమాచారాన్ని ప్రతి తీసుకున్నాక, ఆ ఫోనుకు కొత్త తెర వేయించాలా వద్దా అన్నది తీరికగా ఆలోచించవచ్చు. ఐదవ వర్గంలో మదర్‌బోర్డును మైక్రోస్కోప్ కింద బాగుచేయడం తప్పదు. ఫోను సొంత ప్రాసెసర్ బ్రతికితేనే తాళం తెరచుకుంటుంది.

వీటన్నిటికంటే ముందే సులభంగా చూడదగినవి మూడు ఉన్నాయి. గూగుల్ ఖాతాలో నంబర్లు, ఫొటోలు ఇప్పటికే చేరి ఉన్నాయేమో మరో పరికరం నుంచి చూడాలి. మెమరీ కార్డు ఉంటే తీసి చదవాలి. దాన్ని ఫోను అంతర్గత నిల్వలో భాగంగా కలిపి ఉంటే మాత్రం అది ఆ ఫోనులోనే చదవబడుతుంది. సిమ్‌ను మరో ఫోనులో వేసి ఓటీపీలు పొందవచ్చు. కానీ వాట్సాప్‌ను కొత్త ఫోనులో నమోదు చేసే తొందర వద్దు. నమోదు చేసిన మరుక్షణం పాత ఫోనులోని ఖాతా మూతపడుతుంది. గూగుల్ డ్రైవ్‌కు చేరని సంభాషణలు పాత ఫోను నిల్వలోనే మిగిలిపోతాయి.

అన్వయం

ఒక ఉపాధ్యాయిని ఫోను బడి మెట్ల మీద పడి తెర నల్లబడిందనుకుందాం. అమ్మమ్మ పాడిన నాట్ల పాటల రికార్డింగులు అందులో ఉన్నాయి. మరెక్కడా ప్రతి లేదు. తోటి ఉపాధ్యాయుడు కాల్ చేస్తే ఫోను మోగింది, మదర్‌బోర్డు క్షేమం. టార్చి వెలుగులో అంకెలేవీ లీలగా కూడా కనబడలేదు, తాకినా స్పందన లేదు. కాబట్టి నాలుగవ వర్గం. ఆమె ఫోనును ఆపలేదు, చార్జింగ్ పెట్టింది. టైప్-సీకి వీడియో సదుపాయం లేదని వివరాల పత్రంలో తేలింది. ఇక మిగిలింది తాత్కాలిక కాంబో. దుకాణంలో "సాఫ్ట్‌వేర్ కొట్టి చూద్దాం, రీసెట్ చేస్తే సరిపోతుంది" అని ఎవరైనా అంటే ఆమె చెప్పవలసిన సమాధానం ఒక్కటే: రీసెట్ వద్దు. ఫ్యాక్టరీ రీసెట్ గుప్తీకరణ కీని నాశనం చేస్తుంది. చిప్‌లో ఎలక్ట్రాన్లు మిగిలి ఉన్నా, వాటిని పాటగా మార్చే శక్తి ఇక లోకంలో ఎవరికీ ఉండదు. పోయిన ఫోనును దూరం నుంచి వెతికే పేజీలో కనబడే "చెరిపివేయి" మీటకు కూడా ఇదే వర్తిస్తుంది. సరైన క్రమాన్ని పాటించిన ఆమెకు మాత్రం వెలిగిన తెర మీద ఆరంకెల పిన్ కొట్టిన క్షణంలోనే రికార్డింగుల జాబితా కనబడుతుంది.

ధర్మం

మార్గ పునరుద్ధరణ విద్య యజమాని కోసమే. ఇతరుల ఫోనును వారి అనుమతి లేకుండా తెరవడం నేరం. వ్యక్తిగత గోప్యత రాజ్యాంగంలోని 21వ అధికరణ కింద ప్రాథమిక హక్కు అని పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ప్రకటించింది. బాగుచేయించుకునేవారు పిన్‌ను కాగితం మీద రాసి దుకాణంలో వదలకుండా, తామే దగ్గర కూర్చుని కొట్టాలి. బాగుచేసేవారు తెర వెలిగిందని తెలిశాక చూపు తిప్పుకోవడాన్ని వృత్తిధర్మంగా భావించాలి. నేరానికి సాక్ష్యం కాగల ఫోనును ఇంట్లో విప్పకుండా, పోలీసుల ద్వారా ఫోరెన్సిక్ ప్రయోగశాలకు చేర్చాలి.

ముగింపు

తెర పగిలిన ఫోనులో సమాచారం బ్రతికే ఉంటుందనీ, దానిని చేరే దారికి అనేక ప్రత్యామ్నాయాలు ఉన్నాయనీ, తాళానికి మాత్రం ప్రత్యామ్నాయం లేదనీ పై చర్చ స్పష్టం చేస్తున్నది. కాబట్టి సన్నాహమంతా ఫోను పగలకముందే జరగాలి. రోజూ వేలిముద్రతో తెరిచేవారు వారానికొకసారైనా పిన్ కొట్టి దాన్ని జ్ఞాపకంలో నిలుపుకోవాలి. ప్రతి ముఖ్యమైన ఫైలుకూ మూడు ప్రతులు, రెండు వేర్వేరు మాధ్యమాలలో, ఒకటి వేరే చోట ఉండేటట్లు చూడాలి. ఒక ఓటీజీ అడాప్టర్‌ను చార్జర్ పక్కనే ఉంచుకోవాలి. ఆ ఉపాధ్యాయిని పాటలను రాబట్టుకున్న సాయంత్రమే ఒక ప్రతిని కంప్యూటర్‌లోకి, మరొకదాన్ని తమ్ముడికి పంపి నిద్రపోతే, ఈ శాస్త్రం ఆమె ఇంట్లో సార్థకమైనట్లే. మళ్లీ ఆ ఫోను మెట్ల మీద పడినా అమ్మమ్మ గొంతు మూడు చోట్ల వినిపిస్తూనే ఉంటుంది.